ముందు పెట్టె, ఆ తర్వాతే చతురస్రం

అయిదేళ్ల పిల్లకి బంతి చూపించి ఇది ఏ ఆకారమో చెప్పమంటే ‘సర్కిల్’ అంటుంది. అగ్గిపెట్టె చూపిస్తే ‘రెక్టాంగిల్’ అంటుంది. లూడో పాచిక చూపిస్తే ‘స్క్వేర్’. మూడూ తప్పే. అయితే తప్పు పిల్లది కాదు. బడిలో చేరింది మొదలు గోడ మీది చార్టులోనూ, రంగులు వేసే పుస్తకంలోనూ మనం చూపిస్తూ వచ్చినవి వృత్తం, చతురస్రం, త్రిభుజం, దీర్ఘచతురస్రం మాత్రమే. నేర్పిన ఆ నాలుగు పేర్లతోనే ఆ పిల్ల లోకమంతా సర్దుకుంటోంది. గోళం, సమఘనం, దీర్ఘఘనం, స్థూపం, శంఖువు అనే మాటలు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. అవి కూడా కాగితం మీద బొమ్మలుగానే వస్తాయి. అప్పటికి ‘బంతి అంటే సర్కిల్’ అన్నది మనసులో గట్టిపడిపోయి ఉంటుంది.

ఇక్కడ వరస తలకిందులైంది. పసిబిడ్డ మొదట పట్టుకునేది గిలక్కాయని, బంతిని, గ్లాసుని, డబ్బా మూతని. చతురస్రాన్ని ఏ బిడ్డా చేత్తో పట్టుకోలేదు. పట్టుకోవడానికి దానికి మందమే లేదు. బడికి కొనిచ్చే ప్లాస్టిక్ ‘త్రిభుజం’ ముక్క కూడా నిజానికి త్రిభుజం కాదు. మందం ఉంది కనక అది పొట్టి పట్టకం. రూపాయి బిళ్ల వృత్తం కాదు, పొట్టి స్థూపం. నమ్మకం కుదరకపోతే ఓ పది బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి, స్థూపం కళ్లెదుటే లేచి నిలబడుతుంది. మరి చదును ఆకారాలు ఎక్కడుంటాయి? ఘనాకారపు వస్తువుల ఒంటి మీదే ఉంటాయి. పాచికకు ఒక్కో పక్క చతురస్రం, స్టీలు డబ్బా అడుగు వృత్తం. కనక పెట్టె ముందు, చతురస్రం తర్వాత. చిన్న పిల్లలకు ఆకారాల గురించి చెప్పే పద్ధతంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరగాలని నా అభిప్రాయం.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ ఇదే చెప్పి, చేసి చూపించాడు. 1782లో పుట్టిన ఆయన బడిపంతులుగా స్థిరపడక ముందు అడవి పనీ చేశాడు, బెర్లిన్‌లో క్రిస్టియన్ సామ్యుయెల్ వైస్ అనే ఖనిజ శాస్త్రవేత్త దగ్గర స్ఫటికాలను వర్గీకరించే పనీ చేశాడు. స్ఫటికాన్ని బొమ్మలో చూస్తే అర్థం కాదు. చేతిలోకి తీసుకుని తిప్పాలి, పలకలు లెక్కపెట్టాలి, ఒక అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో తడమాలి. ఆ అలవాటునే ఆయన పసిపిల్లల దగ్గరికి తెచ్చాడు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఇవాళ మన ఊళ్లలో ఎల్‌కేజీ, యూకేజీ అంటున్న మాటల్లో ఉన్న ‘కేజీ’ అదే.

ఫ్రోబెల్ పిల్లల కోసం తయారుచేసిన ఆటసామాన్లను ‘కానుకలు’ అన్నాడు. మొదటి కానుక రంగురంగుల ఊలుతో అల్లిన ఆరు మెత్తటి బంతులు. రెండోదానిలో చెక్కతో చేసిన గోళం, ఘనం, స్థూపం ఉంటాయి. మూడోది చూడటానికి ఒకే చెక్క ఘనం, విప్పితే ఎనిమిది చిన్న ఘనాలు. ఆ తర్వాత ఇటుకల ఆకారపు ముక్కలు, ఏటవాలుగా కోసిన ముక్కలు. ఇవన్నీ అయ్యాకే చదును పలకలు వస్తాయి. వాటి తర్వాత పుల్లలు, చివరికి గింజల్లాంటి చుక్కలు. అంటే ఘనాకారం నుంచి తలానికి, తలం నుంచి గీతకు, గీత నుంచి బిందువుకు. మన పుస్తకాలు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తాయి. బిందువుతో మొదలుపెట్టి, గీత, కోణం, త్రిభుజం అన్నీ దాటాక చిట్టచివరి పాఠంలో పెట్టె బొమ్మ వేస్తాయి. పెద్దవాళ్ల తర్కానికి ఆ వరస ఎంతో అందంగా కనిపిస్తుంది. పిల్లల చేతులకు మాత్రం ఫ్రోబెల్ వరసే సరైనది.

రెండో కానుకలో ఒక విశేషం ఉంది. చెక్క ఘనానికి దారం కట్టి వేలాడదీసి, దారాన్ని మెలితిప్పి వదిలితే అది గిర్రున తిరుగుతుంది. పై ముఖం నడిమధ్యన దారం కడితే తిరిగేటప్పుడు ఘనం కనిపించదు, స్థూపం కనిపిస్తుంది. అదే మూలకు కట్టి తిప్పితే పైనా కిందా శంఖువు మొనలు తేలుతాయి. ఇది చేయడానికి ఇంట్లో పెద్ద లూడో పాచికో, పిల్లలు పేర్చుకునే చెక్క దిమ్మో చాలు. దారాన్ని టేపుతో అంటించవచ్చు. ఒక ఆకారంలో ఇంకో ఆకారం దాగుందని నోటితో చెప్పే బదులు ఇలా తిప్పి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఈ దిమ్మల ప్రభావం చిన్నది కాదు. న్యూయార్క్‌లో గుండ్రంగా మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే గుగెన్‌హైమ్ మ్యూజియం కట్టిన అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్నప్పుడు ఫ్రోబెల్ దిమ్మలతో ఆడుకున్నవాడే. వాళ్లమ్మ వాటిని 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూసింది. ఆ దిమ్మలు తన వేళ్లలో నిలిచిపోయాయని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. మరియా మాంటిస్సోరి సామాన్ల పెట్టెలోనూ ఘనాకారాలకు పెద్ద పీటే ఉంది. ఆమె గులాబీ రంగు గోపురంలో 10 ఘనాలుంటాయి, అతి చిన్నది 1 సెంటీమీటరు, అతి పెద్దది 10 సెంటీమీటర్లు. ఆమె 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. కళ్లకు గంతలు కట్టి చేత్తో తడిమి ఆకారం గుర్తుపట్టే ఆట ఆమె పద్ధతిలో ముఖ్యమైనది.

మొదలుపెట్టాల్సింది ఆ ఆటతోనే. ఖరీదైన సామాన్లేమీ అక్కర్లేదు. ఒక గుడ్డసంచిలో రబ్బరు బంతి, లూడో పాచిక, అగ్గిపెట్టె, టార్చిలైటు బ్యాటరీ, పాతపేపరుతో చుట్టి మూతి మడిచిన పొట్లం వేయండి. ఒక్కొక్కరు వచ్చి సంచిలో చెయ్యి పెట్టాలి, చూడకూడదు. చేతికి తగిలినదాని పేరు చెప్పకుండా అది ఎలా ఉందో మాత్రమే చెప్పాలి. మిగతావాళ్లు అదేమిటో కనుక్కోవాలి.

“గుచ్చుకుంటోంది టీచర్.”

“ఎక్కడ గుచ్చుకుంటోంది నాన్నా? అంతటానా, ఒక్కచోటేనా?”

“ఒక్కచోటే. ఇంకోవైపు గుండ్రంగా ఉంది.”

“పొట్లం, పొట్లం!”

ఈ కాస్త సంభాషణలో శంఖువు నిర్వచనం మొత్తం వచ్చేసింది. ఒక మొన, దానికి ఎదురుగా ఒక వృత్తం. ఆ పిల్లవాడు ‘శంఖువు’ అనే మాట ఇంకా వినలేదు. వినకపోయినా ఆకారం వాడి చేతిలో ఉంది, ఇప్పుడు పేరు చెబితే అది ఆ ఆకారానికి అతుక్కుంటుంది. పేరు ముందు చెప్పి, వస్తువు తర్వాత చూపిస్తే పిల్లలు పేరు బట్టీపడతారు, వస్తువును పట్టించుకోరు. పాచిక తగిలిన పిల్ల ‘మూలలున్నాయి’ అంటుంది. ఎన్ని అని అడగాలి. సంచిలోనే వేళ్లతో లెక్కపెట్టడం కష్టం, కొన్ని రెండుసార్లు వస్తాయి, కొన్ని తప్పిపోతాయి. ‘పైన నాలుగు, కింద నాలుగు’ అని ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ క్షణం కోసం ఓపిక పట్టాలి, మనమే ఎనిమిది అని చెప్పేయకూడదు. కళ్లు కనిపించని పిల్లలున్న తరగతిలో ఈ ఆటకు మరింత విలువ ఉంది. అక్కడ అందరూ ఒకే గీత మీద నిలబడతారు, చాలాసార్లు ఆ పిల్లలే గెలుస్తారు.

తరవాతి ఆట దొర్లించడం. పీట ఒక చివర కింద రెండు పుస్తకాలు పెడితే ఏటవాలు తయారవుతుంది. ఏది దొర్లుతుంది, ఏది జారుతుంది, ఏది కదలకుండా కూర్చుంటుంది? వదలడానికి ముందే పిల్లలతో ఊహ చెప్పించాలి. బంతి ఎటు వదిలితే అటు దొర్లుతుంది. స్థూపం పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే జారుతుంది. పాచిక మామూలుగా జారుతుంది తప్ప దొర్లదు. ఆరు పలకల పెన్సిల్ కాస్త ఆలోచించి మరీ దొర్లుతుంది, గుండ్రటి పెన్ను బల్ల మీద నుంచి పడిపోయినంత సులువుగా అది పడదు. పెన్సిళ్లను పలకలుగా చేయడంలో ఉన్న లాభం అదే. నల్లబల్ల దగ్గరున్న చాక్‌పీసును కూడా దొర్లించండి. అది తిన్నగా పోదు, ఒక పక్కకు వంపు తిరుగుతుంది, ఎందుకంటే దాని ఒక కొస రెండోదాని కన్నా కొంచెం సన్నం.

ఈ వంపు దగ్గర కాసేపు ఆగాలి. టీ తాగే కాగితం కప్పును నేల మీద పడుకోబెట్టి తోస్తే అది ఎటూ పోకుండా గుండ్రంగా చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికే వస్తుంది. కప్పు మూతి పెద్దది, అడుగు చిన్నది. రెండూ ఒకేసారి ఒక చుట్టు తిరుగుతాయి, కానీ పెద్ద చుట్టు ఎక్కువ దూరం పోతుంది, చిన్న చుట్టు తక్కువ దూరం పోతుంది. అందుకే చిన్నవైపుకు మళ్లుతుంది. ఇప్పుడు రెండు కప్పుల మూతులు ఎదురెదురుగా ఆనించి టేపు వేయండి, నడుము లావుగా, కొసలు సన్నగా ఉండే వస్తువు అవుతుంది. ఇంకో రెండు కప్పుల్ని అడుగులు ఆనించి అంటించండి, దీనికి నడుము సన్నం, కొసలు లావు. రెండు పొడవాటి స్కేళ్లనో కర్రలనో పట్టాల్లాగా సమాంతరంగా ఏటవాలుగా పెట్టి రెండింటినీ దొర్లించండి. పట్టాల మధ్య దూరం అంటించిన కప్పుల పొడవు కన్నా తక్కువగా ఉండాలి.

నడుము లావున్నది కొంచెం పక్కకు జరిగినా తనంతట తానే మధ్యకు వచ్చేసి చివరిదాకా పోతుంది. నడుము సన్నగా ఉన్నది కాస్త పక్కకు జరిగిందంటే ఇంకా ఇంకా జరిగి పట్టాల మీద నుంచి పడిపోతుంది. రైలు చక్రాలను చేసే పద్ధతిలో ఉన్న కిటుకు ఇదే. ఒక్కో చక్రం లోపలివైపు కాస్త లావుగా, బయటివైపు కాస్త సన్నగా ఉంటుంది. రైలు ఎడమకు జరిగితే ఎడమ చక్రం తన లావుపాటి భాగంతో పట్టాను తాకి ఎక్కువ దూరం దొర్లుతుంది, కుడి చక్రం సన్నటి భాగంతో తక్కువ దూరం దొర్లుతుంది, దాంతో బండి మళ్లీ మధ్యకు తిరుగుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఈ కారణాన్ని తమ మాటల్లో చెప్పగలరు. అయిదేళ్ల పిల్లలు చెప్పలేకపోయినా ఏ కప్పుల జత పడిపోతుందో తప్పకుండా ముందే చెబుతారు. అది చాలు.

ఇక పెట్టెను విప్పే పని. టూత్‌పేస్టు డబ్బా, అగరొత్తుల డబ్బా, మందుల డబ్బా ఏదైనా సరే. ముందు డబ్బాను కాగితం మీద పెట్టి ఒక్కో పక్క చుట్టూ పెన్సిల్‌తో గీయించండి. కాగితం మీద మిగిలేవి దీర్ఘచతురస్రాలు, అంటే చదును ఆకారాలు డబ్బాలోంచి దిగివచ్చాయి. ఆ తర్వాత అంచుల వెంబడి కత్తిరించి, అతుకు కోసం లోపలికి మడిచిన రెక్కలు తీసేసి, పూర్తిగా విప్పి పరవండి. పాఠ్యపుస్తకాలు దీన్ని వలరూపం అంటాయి. ఘనాకారాలను ఇలా విప్పి కాగితం మీద గీసి చూపే పద్ధతిని జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన తన కొలతల గ్రంథంలో వాడాడు.

సమఘనాన్ని విప్పితే ఆరు చతురస్రాలు వస్తాయి. అందరూ వేసే రూపం శిలువ ఆకారం, కానీ అదొక్కటే కాదు. ఆరు చతురస్రాలను అంచులు కలిపి 35 రకాలుగా పేర్చవచ్చు, వాటిలో 11 మాత్రమే మడిస్తే సమఘనమవుతాయి. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పవద్దు. గళ్ల కాగితం ఇచ్చి, ఎవరికి తోచినట్టు వాళ్లను ఆరు గళ్లు కత్తిరించి మడవమనండి. కొన్ని మూసుకుంటాయి, కొన్నింట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక పక్క తెరుచుకుని ఉండిపోతుంది. మూసుకున్న వాటిని గోడకు అంటిస్తూ పోతే వారం తిరిగేసరికి గోడ నిండుతుంది. ‘ఇది కొత్తదా, ఉన్నదాన్నే తిప్పి పెట్టారా’ అని పిల్లలు తమలో తామే వాదించుకుంటారు. ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూడగలగడం అంటే అదే. ఇంకో సంగతి, సమఘనాన్ని ఏ పద్ధతిలో విప్పినా సరిగ్గా 7 అంచులే కత్తిరించాలి. ఉన్నవి 12 అంచులు. ఆరు ముఖాలు విడిపోకుండా ఒకే ముక్కగా ఉండాలంటే 5 అంచుల దగ్గర కలిసి ఉండాలి. తరగతిలో అందరూ వేర్వేరుగా కత్తిరించి, అందరికీ ఏడే వచ్చినప్పుడు పిల్లల మొహాల్లో కనిపించే ఆశ్చర్యం ఏ చార్టూ ఇవ్వలేదు.

కాస్త పెద్ద పిల్లలైతే వలరూపం మీద 1 నుంచి 6 దాకా అంకెలు వేసి పాచిక చేయమనండి. షరతు ఒక్కటే, ఎదురెదురు ముఖాల మీది అంకెలు కలిపితే 7 రావాలి. మడవక ముందే ఏ గడికి ఏది ఎదురవుతుందో ఊహించాలి. ఒకే వరసలో నాలుగు గళ్లుంటే ఒకటి విడిచి ఒకటి ఎదురెదురు అవుతాయని రెండు మూడు పాచికలు పాడయ్యాక వాళ్లే తెలుసుకుంటారు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని శనగలు, పుల్లలతో చేసేది. ఇది కూడా ఫ్రోబెల్ నుంచి వచ్చిందే, ఆయన నానబెట్టిన బఠాణీలూ సన్నటి పుల్లలూ వాడేవాడు. మన ఇళ్లలో శనగలూ కొబ్బరి ఈనెల చీపురూ ఉన్నాయి. రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున్నకు ఈనె దిగేంత మెత్తగా అవుతాయి. ఈనెలను ఒకే కొలతకు, అంటే 10 సెంటీమీటర్లకు విరిచి పెట్టుకోండి. శనగలు మూలలు, ఈనెలు అంచులు. ముందు మూడు ఈనెలతో త్రిభుజం చేసి, దాని ఒక్కో మూల నుంచి ఒక్కో ఈనె పైకి లేపి మూడింటినీ పైన ఒక శనగకు గుచ్చితే చతుర్ముఖి వస్తుంది, 4 శనగలు, 6 ఈనెలు. ఆ తర్వాత సమఘనం, 8 శనగలు, 12 ఈనెలు.

రెండూ పక్కపక్కన పెట్టి వేలితో కొద్దిగా నొక్కమనండి. చతుర్ముఖి కదలదు. సమఘనం పక్కకు ఒరిగిపోతుంది. ‘నాది సరిగ్గా రాలేదు టీచర్’ అని పిల్లలు దిగులుపడతారు. సరిగ్గానే వచ్చింది, చతురస్రం స్వభావమే అంత. నాలుగు పుల్లల చతురస్రం నొక్కితే వాలిపోతుంది, మూడు పుల్లల త్రిభుజం విరగాలే తప్ప వాలదు. మరి సమఘనాన్ని నిలబెట్టడం ఎలా? ఒక్కో ముఖానికి మూల నుంచి మూలకు ఒక అడ్డపుల్ల వేయాలి. 10 సెంటీమీటర్ల ఈనె అక్కడికి చాలదు, దాదాపు 14 కావాలి. ఆరు ముఖాలకూ ఆరు అడ్డపుల్లలు పడ్డాక సమఘనం గట్టిగా నిలుస్తుంది. ఊరి బయట హైటెన్షన్ కరెంటు టవరు నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో, రాజమండ్రి దగ్గర గోదావరి మీది రోడ్డు కం రైలు వంతెన ఇనుప చట్రం అలా ఎందుకు అల్లారో ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు. చేసిన బొమ్మలను నీడలో ఆరనివ్వండి. శనగలు ఎండి బిగుసుకుని ఈనెలను గట్టిగా పట్టుకుంటాయి, బొమ్మలు చాలా రోజులుంటాయి. ఇదే పనిని అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో చేసి దేశమంతటా పిల్లలకు నేర్పినవారు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి చెత్తలోంచి బొమ్మలు చేయడానికే జీవితం ఇచ్చిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఈ బొమ్మలు చేసిన మూడు, నాలుగు తరగతుల పిల్లలతో ఒక లెక్క చేయించవచ్చు. మూలలు ఎన్ని, ముఖాలు ఎన్ని, అంచులు ఎన్ని అని నల్లబల్ల మీద మూడు గడుల్లో రాయండి. చతుర్ముఖికి 4, 4, 6. చతురస్రం అడుగున్న పిరమిడ్‌కు 5, 5, 8. త్రిభుజాకార పట్టకానికి 6, 5, 9. సమఘనానికి 8, 6, 12. మూలలూ ముఖాలూ కలిపి, అంచులు తీసేస్తే ప్రతిసారీ 2 మిగులుతుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ 1750లో గమనించిన సూత్రం ఇది. సూత్రం పేరు చెప్పకపోయినా నష్టం లేదు. ‘ఇంకో బొమ్మ చేసి చూద్దాం, దానికీ రెండే వస్తుందా’ అని పిల్లలు తమంతట తాము అడిగితే పాఠం ఫలించినట్టే. ఒక్క జాగ్రత్త. ఈ లెక్క చదును ముఖాలున్న ఆకారాలకే. స్థూపానికి ముఖాలెన్ని, శంఖువు మొనను మూల అనాలా వద్దా అని పరీక్ష పేపర్లలో అడుగుతుంటారు, పుస్తకానికో జవాబు ఉంటుంది. చిన్నపిల్లలతో ‘రెండు చదును ముఖాలు, ఒక వంపు తలం’ అని ఉన్నదున్నట్టు చెప్పించడం మేలు. మార్కుల కోసం ఒకే అంకె పట్టుకోమనడం అన్యాయం.

కోసి చూడటం కూడా ఒక పాఠమే, కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. క్యారెట్‌ను అడ్డంగా కోస్తే వృత్తం, ఏటవాలుగా కోస్తే సాగిన వృత్తం. సబ్బుతో చేసిన సమఘనం మూలను చెక్కితే త్రిభుజం బయటపడుతుంది, చతురస్రాలు తప్ప ఇంకేమీ లేని వస్తువులో త్రిభుజం ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు తెల్లబోతారు. నీడలతోనూ ఇలాంటి తమాషా చేయవచ్చు. గోడ ఎదుట ఫోను లైటు వేసి స్టీలు డబ్బాను తిప్పితే ఒకసారి వృత్తం నీడ, ఒకసారి దీర్ఘచతురస్రం నీడ పడుతుంది. బంతిని ఎలా తిప్పినా నీడ మారదు. చంద్రగ్రహణంలో చంద్రుడి మీద పడే భూమి నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది కాబట్టి భూమి గోళమని అరిస్టాటిల్ వాదించింది ఇదే ఆధారంతో.

బియ్యంతో కొలిచే పని మరొకటి. అట్టతో ఒక శంఖువు చుట్టి, మూతి చదునుగా కత్తిరించి, బల్ల మీద బోర్లించండి. దాని మూతి చుట్టూ అట్టముక్క చుట్టి, శంఖువు మొన ఎంత ఎత్తుందో అంతకే కత్తిరిస్తే అదే మూతి, అదే ఎత్తు ఉన్న స్థూపం వస్తుంది. అడుగు అంటించండి. శంఖువులో బియ్యం నింపి స్థూపంలో పోస్తే ఎన్నిసార్లకు నిండుతుంది? చాలామంది పిల్లలు రెండు అంటారు, పెద్దవాళ్లూ అంతే. మూడు పడుతుంది. పై తరగతుల్లో మూడో వంతు అని బట్టీపట్టే సూత్రం అప్పటికి వాళ్ల చేతులు చూసేసినదే.

మన దగ్గర ఈ పాఠానికి పుట్టుకతోనే పనికొచ్చే బొమ్మలున్నాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి, ఉలి ఆనించి, లక్కతో రంగులద్ది బొమ్మలు చేస్తారు. తిరుగుతుండగా చెక్కినవి కనక అవన్నీ గోళాలు, స్థూపాలు, శంఖువుల కలయికలే. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక లక్కపిడతల సెట్టు ముందు పెట్టి ఇందులో ఏది ఏ ఆకారాలతో అయిందో విడదీసి చెప్పమంటే పిల్లలు గంటసేపు లేవరు.

ఏ వయసుకు ఏది? మూడు నాలుగేళ్లకు తడమడం, పేర్చడం, దొర్లేవీ దొర్లనివీ వేరుచేయడం చాలు. శనగలు, గోళీలు ఇంకా నోట్లో పెట్టుకునే పిల్లల దగ్గర ఉంచవద్దు. అయిదారేళ్లకు పేర్లు, ముఖాలు దించి గీయడం, తడి మట్టితో ఉండ, దిమ్మె, కడ్డీ చేయడం. వినాయక చవితికి తెచ్చిన మట్టి మిగిలితే దానికన్నా మంచి సామాను లేదు. ఏడెనిమిదేళ్లకు డబ్బాలు విప్పడం, శనగల బొమ్మలు, లెక్కలు. డచ్చి ఉపాధ్యాయ దంపతులు పియర్ వాన్ హీలే, డీనా వాన్ హీలే-గెల్డాఫ్ 1957లో సమర్పించిన పరిశోధనలు ఒక సంగతిని స్పష్టం చేశాయి. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, తర్వాతే దాని లక్షణాలు చూస్తారు, ఆ తర్వాతే నిర్వచనాలు పట్టుబడతాయి. మధ్యమెట్టు ఎగరేసి నిర్వచనం చెబితే నిలవదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు తీసుకెళ్లేది వయసు కాదు, చేయించిన పని అని వాళ్ల నిర్ణయం.

బొమ్మ గీయించడం చివరికి ఉంచండి. పెట్టెను గీయమంటే చిన్నపిల్లలు ఒక చతురస్రం వేసి, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి అంటించుకుంటూ పోతారు. అది తప్పు కాదు, చేతికి తెలిసిన అన్ని పక్కలనూ చదును కాగితం మీద పెట్టాలని వాళ్ల తాపత్రయం. పుస్తకంలో వేసే పెట్టె బొమ్మలో రెండు చతురస్రాలు ఒరిగి కనిపిస్తాయి. అవి కూడా చతురస్రాలేనని నమ్మాలంటే ముందు పెట్టెను తిప్పి చూసిన అనుభవం ఉండాలి. అలాగే నిమ్మకాయ గోళమా, గుడ్డు గోళమా అని పిల్లలు అడిగితే ఊరికే ‘కాదు’ అని తోసేయవద్దు. ఎక్కడ తేడా ఉందో చూపించమనండి. దొర్లించి చూపిస్తారు.

జాతీయ విద్యా విధానం తర్వాత 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటవస్తువులతోనే నేర్పమంటోంది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2023లో ‘జాదుయీ పిటారా’ పేరుతో ఆటసామాన్ల పెట్టె కూడా విడుదలైంది. పెట్టె వచ్చినా రాకపోయినా పాఠం ఆగనక్కర్లేదు. వస్తువులు విరిగిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేసే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే, విరగనివ్వండి. విరిగిన ముక్క కూడా ఒక ఘనాకారమే, అదేమిటో పిల్లల్ని అడగండి. తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ వారం ఇంట్లో ఖాళీ అయిన టూత్‌పేస్టు డబ్బాను, అగ్గిపెట్టెను, టీ కప్పులను పారేయకుండా ఒక సంచిలో వేసి ఉంచండి. ఆదివారం ఓ గంట పిల్లలతో నేల మీద కూర్చోండి. పేర్లు మీరు చెప్పకండి, వాళ్లు అడిగేదాకా ఆగండి.